పడని ముద్ర

పరకాల కోర్టు మెట్ల కింద
చెప్పులిడిసి పైకెక్కుత.
ఇడువుమని ఎవ్వరనలే. అలవాటైంది.

బంట్రోతు మూడుసార్లు పిలుస్తడు:
"వాది ఓదెమ్మా… ఓదెమ్మా… ఓదెమ్మా…"
నాలుగో పిలుపు ఉండదు.
అందుకే కోడి కూయకముందే లేసి
డబ్బల మక్కగటక పోసుకొని
మొదటి బస్సుకే వస్త.
పదిహేనేండ్లల ఒక్కసారే పిలుపు తప్పిన.
ఆ పొద్దు మా ఆయన శవం లేసింది.
గైరుహాజరని కేసు కొట్టేసిండ్రు.
మళ్ల తెరిపియ్యనీకి వకీలుకు మూడువేలు.

కొట్లాట ఎకరం ఎనిమిది గుంటలకు.

తొంభై ఒకటిల బుర్ర సాంబయ్య
తాటిచెట్టు మీదికెల్లి జారి పడ్డడు.
ఎంజీఎంల కాలుకు రాడ్డేసిండ్రు.
ఆ ఖర్సులకు, తొమ్మిదివేలకు, చెల్క మాకిచ్చిండు.
సాదా కాగితం. ముగ్గురు సాక్షులు.
నాలుగు దిక్కుల హద్దులు రాసిండ్రు:
తూర్పుకు ఒర్రె, పడమటికి బండ్లబాట,
ఉత్తరం గుండేటి రాయమల్లు పొలం,
దక్షిణం ఇప్పచెట్టు.
కింద సాంబయ్య బొటనవేలు.
సిరా ఎక్కువైందని
ఆ వేలు నా కొంగుకే తుడుసుకున్నడు.
ఆ చీర చాన్నాళ్లు దాసిన.
కోర్టుల కొంగు చెల్లదట.

ఇప్పచెట్టు పోయింది. ఒర్రె పూడింది.
బండ్లబాట బైపాసు రోడ్డయింది.
రోడ్డు పడ్డ ఎండకాలమే
సాంబయ్య మనుమడు రంజిత్‌కు
తాత భూమి యాదికొచ్చింది.
పట్టా తాత పేరు మీదనే ఉండె.
పహాణీల కాస్తు కాలం మాదుండె.
తర్వాత కంప్యూటర్ల ఆ కాలమే లేకుంట పోయింది.

"ఆ ముద్ర మా తాతది కాదు" అన్నడు.

పోల్చనీకి కల్లు సొసైటీ రిజిస్టరు తోడిచ్చి
వేలిముద్రను హైదరాబాదు పంపిండ్రు.
నేనెన్నడు పోలే. అది పోయింది.
ఏడాదిన్నరకు సీలుతోని తిరిగొచ్చింది.
వకీలు తెలుగు చేసి చెప్పిండు:
"గీతలు అరిగిపోయినయి.
ఆయనదని చెప్పలేం. కాదనీ చెప్పలేం."

అరగవా మరి.
నలభై ఏండ్లు, పొద్దుకు పదిహేను చెట్లు
కౌగిలిచ్చుకున్న చేతులాయె.
మోకు గుంజిన వేలు, కత్తి నూరిన వేలు.
చెట్టుకు గీత గీసి గీసి
ఆయన వేలి గీతలు పోయినయి.
ఆ తాళ్ల బోదెలు గోకితే దొరుకుతయి కావచ్చు.
తాళ్లకు సమన్లు ఎవరిస్తరు?

నావి మాత్రం మంచిగున్నయా.
రేషన్ దుకాణంల మిషను మీద వేలు పెడ్త.
ఎర్రలైటు. మళ్ల పెడ్త. ఎర్రలైటు.
"కొంగుతోని తుడిచి పెట్టవ్వా."
"ఎడమది పెట్టు."
"పడ్తలేదు, రేపు రా."
పత్తి ఏరి, మిర్చి తెంపి, గరక గుంజి
గా ఎకరం ఎనిమిది గుంటలల్లనే
ఒక్కో గీత రాలగొట్టుకున్న.

మొన్నటి వాయిదకు అవతలి వకీలడిగిండు:
"ఈ భూమి నువ్వే కాస్తు చేసినవనేటందుకు
రుజువేమన్న ఉన్నదా?"
రెండు చేతులు పైకెత్తి చూపిచ్చిన.
జడ్జిమేడం కండ్లద్దాలు సవరించుకున్నది.
టైపు కొట్టే పిల్ల కొట్టుడాపి చూసింది.
"నోటితోని చెప్పు. చేతులు రికార్డు కావు" అన్నడాయన.
నాకేం తోచలే.
"ఉన్నది" అన్న.
గదే రాసుకున్నరు.

వాయిద వచ్చే నెల పదిహేడుకు.

బయట చాయ్ బండి కాడ రంజిత్.
బొటనవేలు ఆనిస్తే
వాని ఫోను టక్కున తెరుసుకున్నది.
లేత వేలు. ముక్కు మాత్రం తాతదే.
"బస్సెల్లిపోయిందవ్వా, బండి మీద దింపుతనా?" అన్నడు.
మొదలు వద్దన్న. ఎండ చూసి ఎక్కిన.

బైపాసు మీద చెల్క రాంగనే
వాడు బండి నెమ్మది చేసిండు.
ఇద్దరం అటే చూసినం.
మక్క మోకాలెత్తుకొచ్చింది.
కలుపు ముదురుతున్నది.